జానకి పాసైన ధైర్యం టెస్టు

రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ టెస్టు నన్ను వదలడం లేదు. మొన్న పూలకొట్టు దగ్గర ఒకావిడ నన్ను ఆపింది. "డాక్టరమ్మా, మా తమ్ముడు గదిలోంచి బయటికే రాడు. ఎవరితోనూ మాట్లాడడు. ధైర్యం టెస్టు తీపిస్తామని ఉండాము. వట్టి కడుపుతో రావల్లా, తిని రావల్లా?" అని అడిగింది.

"ముందు మీ తమ్ముణ్ణి అడిగినారా?" అన్నాను.

"ఏమని?"

"చచ్చిపోవాలని ఉండాదా అని."

ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. పూలు కడుతున్నాయన నన్ను పాముని చూసినట్టు చూశాడు. పూలకొట్టు ముందు, శుక్రవారం పూట, అలాంటి మాట అన్నానని వాళ్ళ బాధ. మనిషి గదిలో నలిగిపోతున్నాడు, వీళ్ళకు శుక్రవారం గుర్తొచ్చింది. ఆ తమ్ముణ్ణి మరునాడే నా దగ్గరికి పిలిపించుకున్నాను, అది వేరే సంగతి. కానీ ఇంటికొచ్చేదాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. నేను తమిళనాడులోని రాజపాళయంలో మానసిక వైద్యురాలిగా పనిచేశాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది తమిళం. ఈ పుస్తకాల తెలుగు నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నది. తప్పులుంటే నన్ను తిట్టుకోండి, విషయం మాత్రం వదిలేయకండి. ముఖ్యంగా ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు.

నాకు పని నేర్పినాయన

మదురైలో చదువుకునే రోజుల్లో మా చీఫ్ మహా కోపిష్టి. కేస్ షీటు సరిగా రాయకపోతే అందరి ముందూ కడిగేసేవాడు. అయితే పేషెంటు దగ్గరికి వచ్చేసరికి ఆయన నడకే మారిపోయేది. స్టూలు లాక్కుని మంచం ఎత్తుకు కూర్చునేవాడు. నిద్ర ఎలా ఉంది, అన్నం సయిస్తోందా, ఇంట్లో ఎవరు వండుతారు అని అడిగి, అదే గొంతుతో, "బతకడం ఎందుకు అనిపిస్తోందా? చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని అడిగేవాడు. గుసగుసలాడేవాడు కాదు, తల వంచుకునేవాడు కాదు.

ఒకసారి నేను, "సార్, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అడిగితే పుట్టేదయితే అడగని ఇళ్ళల్లో ఎవరూ చావకూడదు గదమ్మా. నువ్వు అడగకపోతే వాళ్ళు ఆ బరువు ఒక్కళ్ళే మోస్తారు, అంతే," అన్నాడు. అడగడం వల్ల ఆలోచన పుట్టదని తర్వాత చదువుల్లోనూ చూశాను, నా పేషెంట్లలోనూ చూశాను. అడిగినప్పుడు చాలామంది ముఖంలో కనిపించేది ఊరట.

ఏసీ హాల్లో విన్న కథ

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు ఒక లాబ్ కంపెనీవాళ్ళు డాక్టర్లందరినీ పెద్ద హోటలుకు పిలిచారు. టై కట్టుకున్న కుర్రాడొకడు తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించాడు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఎవరు ఆత్మహత్యకు దగ్గరగా ఉన్నారో రక్తం చెప్పేస్తుందట. పచ్చ గుర్తు వస్తే భయం లేదు. పసుపు వస్తే జాగ్రత్త. ఎరుపు వస్తే వెంటనే అడ్మిట్ చేయాలి. మన జంక్షన్‌లో ట్రాఫిక్ లైటు పెట్టినంత సులువుగా చెప్పాడు మహానుభావుడు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఆ కుర్రాడు చెప్పిన దాంట్లో గింజంత నిజం ఉంది, ఆ గింజ చుట్టూ బోలెడంత పొట్టు ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళ వెన్నెముక నీటిలో, సెరొటోనిన్ అనే మెదడు రసాయనం విరిగాక మిగిలే పదార్థం తక్కువగా ఉంటోందని ఎప్పటినుంచో అంటున్నారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తీరు కొందరిలో తేడాగా ఉంటుంది. ఒంట్లో వాపును చూపించే పదార్థాలు కొందరిలో పెరుగుతాయి. జన్యువుల మీద కూడా పని జరుగుతోంది. ఆ పరిశోధన చేసేవాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్ళు నిజాయితీగా, "ఇది గుంపుల మధ్య కనిపించే తేడా, ఒక్క మనిషి విషయం దీనితో తేల్చలేము," అనే రాస్తారు. ఆ చివరి వాక్యాన్ని తెర మీద నుంచి తీసేసిన వాళ్ళ మీదే నా కోపమంతా.

మామిడి తోట ఉన్నవాళ్ళకు ఇది చిటికెలో అర్థమవుతుంది. పూత చూసి ఈ ఏడు కాపు తక్కువని చెప్పగలం. ఫలానా కొమ్మ మీది ఫలానా కాయ రేపు పొద్దున రాలుతుందా అంటే చెప్పగలమా? పైగా ఈ కొలతలు నిద్ర లేకపోతే మారతాయి, జ్వరం వస్తే మారతాయి, రక్తం పొద్దున తీశారా సాయంత్రం తీశారా అన్నదాన్ని బట్టి కూడా మారతాయి. ఇవాళ్టికీ ఒక మనిషి ఈ వారం ప్రాణం తీసుకుంటాడా లేదా అని చెప్పే రక్తపరీక్ష లేదు. రేపు వస్తే నేనే పూలదండ వేస్తాను. వచ్చేదాకా ఉందని చెప్పడం మోసం.

నేను లేచి అదే అడిగాను. "మేడమ్, ఇది సపోర్ట్ టూల్ మాత్రమే," అన్నాడు కుర్రాడు. "మరి పచ్చ గుర్తుకు భయం లేదు అని ఎందుకు రాశావు నాయనా?" అన్నాను. నవ్వి తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయాడు. నా పక్కన కూర్చున్న మా పెద్ద డాక్టరు, అంటే నేను పనిచేసే ఆసుపత్రి యజమాని, నా చీర కొంగు పట్టి లాగి కూర్చోబెట్టాడు.

బోర్డు కట్టేశారు

మరుసటి నెలకే ఆసుపత్రి వాకిట్లో బోర్డు వెలిసింది. మనోబలం ప్యాకేజీ అట. జనం నోట్లో అది ధైర్యం టెస్టు అయిపోయింది. షుగర్ టెస్టు, థైరాయిడ్ టెస్టు, ధైర్యం టెస్టు.

నేను పెద్ద డాక్టరు గదికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. ఆయన ఊరికి మేలు చేసినాయనే, కాదనను. కానీ ఆ రోజు ఆయన మాట్లాడిన తీరు నాకిప్పటికీ మింగుడుపడదు.

"నీకు మన ఊరు తెలియదా అమ్మా? ఇక్కడ ఎవరైనా ఆ మాట నోట అంటారా? అడిగితే ఎద్దులాగా పొడవడానికి వస్తారు. రక్తం అంటే సరి, చెయ్యి చాపుతారు. మనకు తొందరవు లేదు, వాళ్ళకు తొందరవు లేదు, ఎవరికీ ఇబ్బంది లేదు," అన్నాడు.

"తొందరవు లేకుండా ఉండడానికా సార్ మనం ఉండేది?" అన్నాను.

"నువ్వు అన్నిటికీ ఇట్లనే. బీపీ చూసుకో ముందు."

ఒప్పుకోక తప్పని సంగతి ఏమంటే, ఊరి గురించి ఆయన చెప్పింది నిజమే. మా రాజుల ఇళ్ళల్లో చావు మాట దీపం పెట్టిన ఇంట్లో అనకూడదు. అన్నామంటే అది తోవ తెలుసుకుని వస్తుందట. నా చిన్నప్పుడు అలిగి "నేను సస్తాను" అంటే మా నాయనమ్మ నోట్లో ఉప్పు కుక్కి పుక్కిలించి ఉమ్మమనేది. అలాంటి ఇళ్ళకు ఈ టెస్టు వరంలా దొరికింది. ఆ మాట అనక్కర్లేదు, మనిషి కళ్ళలోకి చూడక్కర్లేదు. సూది అడుగుతుంది, కాగితం జవాబు చెబుతుంది. కంపెనీవాడికి మా ఊరి సంగతి ఏమీ తెలియదు. మా పెద్ద డాక్టరుకు బాగా తెలుసు, తెలిసే కట్టాడు ఆ బోర్డు.

ఎరుపు గుర్తుతో జరిగిన అన్యాయమూ చూశాను. తళవాయిపురం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. నిద్ర లేదు, ఒంట్లో జ్వరం కూడా ఉంది. రిపోర్టు ఎరుపు. ఆమెతో కూర్చుని మాట్లాడితే అలాంటి ఆలోచన ఛాయల్లో కూడా లేదు. అయినా ఇంట్లోవాళ్ళు ఆమెను బడికి పోనివ్వలేదు, బావి వైపు పోనివ్వలేదు, స్నానాల గది గడియ కూడా పీకేశారు. "నేను బాగుండాను అంటే ఎవరూ నమ్మరు డాక్టరమ్మా, నా రక్తం మాట నమ్ముతారు," అని ఏడ్చింది. ఆమె పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. ఆమెను మళ్ళీ బడి మెట్లెక్కించడానికి నేను ఆ ఇంట్లోవాళ్ళతో పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

జానకి

ఇక అసలు సంగతి. సేత్తూరులో మాకు దూరపు చుట్టాలున్నారు. కొబ్బరి తోటల కుటుంబం. ఇంటి పెద్దావిడ మా అమ్మకు వరసకు చెల్లెలు, నాకు పిన్నమ్మ. ఆమె కొడుకు రంగరాజా. అతని భార్య జానకి. నలభై దాటిన మనిషి, నవ్వితే ఇంటి వెనక్కి కూడా వినబడేది. అలాంటిది ఒక వర్షాకాలం నుంచి నవ్వడం మానేసింది. పొద్దున లేవదు. తల దువ్వుకోదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడుతుంది.

రంగరాజా ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చాడు. అతన్ని బయట కూర్చోబెట్టి జానకిని అడిగాను. మొదట తల అడ్డంగా ఊపింది. తర్వాత, "నేను లేకుంటే అందరికీ మేలు అని తోస్తా ఉండాది డాక్టరమ్మా," అంది. తీవ్రమైన డిప్రెషన్. థైరాయిడ్ చూపించాను, రక్తం తక్కువేమో చూపించాను. ఆ పరీక్షలు అవసరమైనవే, వాటి మీద నాకు తగువు లేదు. మాత్రలు మొదలుపెట్టాను, వారం వారం రమ్మన్నాను.

రంగరాజాను లోపలికి పిలిచి, జానకి ముందే గట్టిగా చెప్పాను. "ఈమెను ఒంటరిగా వదలవద్దు. మాత్రలు నీ దగ్గర పెట్టుకుని రోజువి రోజు ఇయ్యి. తోటలో పురుగుమందుల గది తాళంచెవి ఇంట్లో ఉండకూడదు. నీ మొలతాడుకు కట్టుకో."

అతను బెదిరిపోయి అన్నీ చేశాడు. జానకి చెల్లెల్ని ఆమె ఊరి నుంచి పిలిపించి తోడు పెట్టాడు. తాళంచెవి మొలకు చేరింది. మూడో వారానికి జానకి తల దువ్వుకుని వచ్చింది. నాకు ఆశ పుట్టింది, దాంతోపాటు భయం కూడా పెరిగింది. కొత్తవాళ్ళకు ఇది చెప్పాలి. మనిషి అడుగున ఉన్నప్పుడు కాలు కదపడానికి కూడా సత్తువ ఉండదు. మందు పనిచేయడం మొదలుపెట్టినప్పుడు కొందరికి సత్తువ ముందు వస్తుంది, ఆశ తర్వాత వస్తుంది. ఆ మధ్య రోజుల్లో ఇంకా కనిపెట్టుకుని ఉండాలి.

పచ్చ గుర్తు

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఊళ్ళో లేను. పిన్నమ్మ జానకిని మా ఆసుపత్రికే తీసుకెళ్ళి, ధైర్యం టెస్టు తీపించింది. రిపోర్టు పచ్చగా వచ్చింది. పెద్ద డాక్టరు స్వయంగా పిలిచి, "బయం లేదు, నిమ్మళంగా ఉండండి," అని చెప్పి పంపాడట.

నేను తిరిగొచ్చేసరికి జానకి రావలసిన రోజు దాటిపోయింది. ఫోను చేస్తే రంగరాజా గొంతు పండగలా ఉంది. "అక్కా, జానకి టెస్టు పాసైపోయింది! అమ్మ మారియమ్మకు పొంగలి కూడా పెట్టింది. మీకు చెప్పల్లా అనుకుంటానే ఉండాము."

"చెల్లెలు ఉండాదా ఇంట్లో?"

"లేదక్కా, ఊరికి పంపించినాము. ఇంకెందుకు, పావం, ఆమెకూ సంసారం ఉండాది గదా."

"తాళంచెవి?"

"కూలివాళ్ళు వస్తా పోతా ఉంటారు గదక్కా. ఎప్పుడూ ఉండేచోట, వంటింటి గోడ మేకుకు తగిలించినాను."

నేను ఫోను పెట్టేసి పెద్ద డాక్టరు గదిలోకి దూసుకుపోయాను. "నా పేషెంటుకు బయం లేదని మీరెట్లా చెప్పినారు? ఆమెతో మాట్లాడినారా?" అన్నాను.

"రిపోర్టు చూసినాను గదా."

"ఆమె ముఖం చూసినారా?"

"అరవొద్దు. బయట జనం ఉండారు."

బయట జనం ఉన్నారని అరవకూడదట. ఆ జనం కోసమే కదా నేను అరిచేది! తలుపు తెరిచిపెట్టే బయటికి వచ్చాను. కారు తీయించి సేత్తూరు దారి పట్టాను.

వంటింటి గోడ

పిన్నమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి సంబరంగా లేచింది. "రా అమ్మాయ్, పొంగలి ఎత్తిపెట్టినాను నీకు," అంది. నేను చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. జానకి పొయ్యి దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలగడం లేదు. ఎదురుగా గోడ, గోడకు మేకు, మేకుకు తాళంచెవి.

నా వెనకే పిన్నమ్మ, రంగరాజా వచ్చారు. వాళ్ళను బయటికి పంపాలి, పద్ధతి అదే. ఆ రోజు పంపలేదు. ఈ మాట వాళ్ళ చెవుల్లో పడాలని నాకు పట్టుదల పుట్టింది. జానకి పక్కన నేల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. "జానకీ, వీళ్ళ ముందే అడగనా?" అంటే తల ఊపింది.

"చచ్చిపోవాలని అనిపిస్తా ఉండాదా?"

"ఛీ, నోరు కడుక్కో!" అని అరిచింది పిన్నమ్మ. "దీపం పెట్టే ఇంట్లో ఏం మాటలివి? నువ్వు డాక్టరువా, శత్రువువా? కాగితంలో పచ్చగా వచ్చింది. పెద్ద డాక్టరు చెప్పినాడు. నువ్వు వచ్చి లేనిపోనిది పిలుస్తా ఉండావు!"

"పిన్నమ్మా, నేను పిలవడం లేదు. వచ్చి కూర్చుందేమో చూస్తా ఉండాను. నువ్వు అరిస్తే అది పోదు," అన్నాను.

జానకి నా వైపు చూడలేదు. గోడ వైపే చూస్తోంది. అంతకుముందు ఎప్పుడూ నన్ను డాక్టరమ్మా అనేది. అప్పుడు మాత్రం వరస పెట్టి పిలిచింది.

"వదినా, ఆ తాళంచెవి తీసుకుపొండి."

జానకే మళ్ళీ అంది.

"నిన్నటి నుంచి దాన్నే చూస్తా ఉండాను. పాసైపోయినావు పాసైపోయినావు అని అందరూ సంతోషపడిరి. ఇంక నేను ఎట్లా చెప్పేది? ఇప్పుడు చెప్తే ఫెయిలైనట్టు గదా."

రంగరాజా మేకు మీది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఆ మేకును కూడా చేత్తోనే వంచి వంచి పీకేశాడు. పిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. జానకిని ఆ సాయంత్రమే మదురైలో నాకు నమ్మకమైన చోట అడ్మిట్ చేయించాను. మా ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. అక్కడ అప్పటికీ ఆమె పేరు పక్కన పచ్చ గుర్తే ఉంది కదా మరి!

కొత్తగా వచ్చేవాళ్ళకు

జానకి కోలుకోవడానికి నెలలు పట్టింది. మధ్యలో మళ్ళీ జారింది, మళ్ళీ లేచింది. నేను ఆసుపత్రిలో బోర్డు తీయించడానికి చేయగలిగిందంతా చేశాను. పెద్ద డాక్టరు "నీకు పని ఒత్తిడి ఎక్కువైంది" అన్నాడు. తర్వాత బోర్డు మీద కింద చిన్న అక్షరాలతో "డాక్టరు సలహాతో" అని చేర్పించాడు. చత్వారం ఉన్నవాడికి కనబడకుండా! నేను రిటైరయ్యే రోజున ఆ బోర్డు కిందే నిలబెట్టి నాకు శాలువా కప్పారు.

మీరు చదువుకుని వస్తారు. పరిశోధన చదవండి, గౌరవించండి. రేపు మీలో ఎవరైనా నిజమైన పరీక్ష కనిపెడితే నా అంత సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ కాగితం పచ్చగా ఉందని మనిషిని అడగడం మానేస్తే మాత్రం మీరు ఆ కంపెనీ కుర్రాడికి గుమాస్తాలు, డాక్టర్లు కారు. స్టూలు లాక్కుని కూర్చోండి. మామూలు గొంతుతో అడగండి. జవాబు విన్నాక బెదిరిపోకండి, నీతులు చెప్పకండి. ఇంట్లో ప్రమాదమైనవి ఎక్కడున్నాయో కనుక్కుని దూరం చేయించండి, తోడు పెట్టించండి, మళ్ళీ ఎప్పుడు చూస్తారో చెప్పి ఆ రోజు చూడండి. రాకపోతే మీరే వెళ్ళండి. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ఆ ఆలోచన వస్తూ ఉంటే, ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది ఫెయిలవడం కాదు.

పోయిన నెల సేత్తూరు వెళ్ళాను. పిన్నమ్మకు కళ్ళు సరిగా కనబడడం లేదు. సాయంత్రం దీపం పెట్టి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుంది. జానకి లోపల గిన్నెలు కడుగుతోంది. పిన్నమ్మ కూర్చున్న చోటు నుంచే, వీధిలో పోయేవాళ్ళకు కూడా వినబడేట్టు, గొంతెత్తి అడిగింది.

"ఏమే జానకీ, మాత్ర వేసుకుంటివా?"

"ఆమా అత్తా, వేసుకున్నాను."

"చచ్చిపోవల్లా అని నెనప్పు వచ్చిందా ఈ పొద్దు?"

దీపం వెలుగుతూనే ఉంది.

"మద్దేన్నం కొంచెం వచ్చింది అత్తా. పోయింది."

"సరి. గిన్నెలు అట్లే పెట్టి రా. వచ్చి నా పక్కన కూర్చో."